సంఘం కదిలితే... సర్కారు దిగొస్తుంది!

మామిడి మార్కెట్, నక్షత్రం ఆకారంలో కట్టిన కోట... జగిత్యాల అనగానే గుర్తొచ్చేవి ఇవే. కానీ ఈ ఊరు చరిత్రకెక్కింది ఓ ఊరేగింపుతో! 1978 సెప్టెంబరులో రైతుకూలీ సంఘాల పిలుపుతో వేలాదిగా పల్లెజనం ఇక్కడికి తరలివచ్చారు. అదే జగిత్యాల జైత్రయాత్ర.

అప్పట్లో ఊరికి దొర గడే కచేరీ. తగవు తీర్చేదీ, దండుగ వేసేదీ, వెట్టికి పిలిచేదీ అక్కడే. పటేల్, పట్వారీలు చాలాచోట్ల దొర మనుషులే. సంఘాలు దీన్నే నిలదీశాయి. వెట్టి మానిపించాయి. కూలి పెంచమన్నాయి. గుంజుకున్న దండుగలు తిరిగిమ్మన్నాయి. కాదన్న దొరకు చాకలి, మంగలి పనులు బంద్!

సర్కారు జవాబూ గట్టిగానే వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 20న సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పల్లెల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి. అయినా పాత పెత్తనం మునుపటిలా నిలవలేదు. ఎందరో దొరలు పట్నం బాటపట్టారు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో మండలాలొచ్చాయి. వీటికి ఈ పోరాటమొక్కటే కారణం కాదు. కానీ గడి ముందు నిలబడి అడగొచ్చన్న ధైర్యం పల్లెలకు ఇచ్చింది మాత్రం సంఘమే.

జగిత్యాల నుంచి నిజామాబాద్ రోడ్డు పట్టుకుంటే కోరుట్ల. ఈ వైపు పల్లెల్లో సర్పంచితో సమానంగా వినిపించే పేరు గ్రామాభివృద్ధి కమిటీ. ‘వీడీసీ’ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. కులాలవారీగా పెద్దమనుషులు కూర్చుంటారు. చందాలు, వేలంపాటల డబ్బుతో గుడి, బడి పనులు చేయిస్తారు. సర్కారు నిధుల కోసం ఎదురుచూడరు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ పెద్దలను ఎన్నుకున్నది ఓటర్లు కాదు, వీళ్ల లెక్కలు చూసే ఆడిటూ లేదు. మాట కాదన్న కుటుంబాలను వెలివేశారంటూ జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల్లో పోలీసు కేసులూ నమోదయ్యాయి. ఒకప్పుడు దొరమీద ఎక్కుపెట్టిన ఆయుధం... బక్కవాడి మీదికి తిరిగింది!

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా మానేరు ఒడ్డుకు చేరితే మరమగ్గాల చప్పుడుతో సిరిసిల్ల పలకరిస్తుంది. 2016 ఆగస్టు 22న వెలువడిన కొత్త జిల్లాల ముసాయిదాలో జగిత్యాల పేరుంది, సిరిసిల్ల లేదు. ఊరు భగ్గుమంది. లాయర్లు మొదలు అన్ని వర్గాలూ రోడ్డెక్కాయి. దీక్షలు, బంద్‌లు సాగాయి. చివరికి అక్టోబరు 11న, దసరా రోజు, జగిత్యాలతోపాటు రాజన్న సిరిసిల్ల జిల్లా కూడా పుట్టింది.

జనం ఒక్కటైతే సర్కారు దిగొస్తుందని ఈ నేల రుజువు చేసింది. మరి సంఘాన్ని లెక్క అడిగేదెవరు? ఊరందరూ కూర్చునే గ్రామసభే. అక్కడ సర్పంచైనా, కమిటీ పెద్దయినా జవాబు చెప్పాల్సిందే. వెలివేతకు గురైన ఇంటివాళ్లు కూడా ఆ సభలో ధైర్యంగా నోరు విప్పగలగాలి. అప్పుడే గడి పెత్తనం నిజంగా పోయినట్టు.