మన మొహానికి సరిపడా వెలుతురు

సంచికకి ఏదైనా రాయండి మాస్టారూ అని సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నీళ్ళ చారు గురించి, వార్డెన్ గారి సైకిల్ బెల్లు గురించి ప్రతి సంచికలోనూ నలుగురు రాస్తారు, బాగానే రాస్తారు. నేను వేరే సంగతి రాస్తాను. మూడేళ్ళుగా పాత రీలు కెమెరా ఒకటి మెడలో వేసుకుని తిరుగుతున్నాను. సెల్ ఫోన్ల కాలంలో ఇదేం పిచ్చి అని ఇంట్లో అంటున్నారు. మీలో ఎవరికైనా ఈ పిచ్చి పట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు ఎందుకో చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో పెద్దవాళ్ళని అడగండి. దారులు తెరుచుకున్నాక రాజోలు దగ్గర మా ఊరు వెళితే పేటలో తాటాకు ఇళ్ళు ఒక్కటీ నిలబడి లేవు. మా ఇంట్లో ఉన్నవే మూడు ఫోటోలు. అమ్మానాన్నల పెళ్ళి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. తడిస్తే ఫోటో మీద పూత జిగురులా కరిగి అద్దాన్ని పట్టుకుంటుంది, లాగితే మొహాలే ముందు ఊడతాయి. నాన్న లాగాడు. మా మామ్మకి అసలు ఫోటోనే లేదు. ఆవిడ ఎలా ఉండేదో ఇప్పుడు నేను చెప్పాలే గానీ చూపించలేను. మా పేటలో చాలామంది మొహాలకి మిగిలిన సాక్ష్యం స్కాలర్‌షిప్ దరఖాస్తుకో, రేషన్ కార్డుకో అంటించిన పాస్‌పోర్టు సైజు ఫోటో ఒక్కటే. అది కూడా మన దగ్గర ఉండదు, ఆఫీసులో ఉంటుంది.

ఉన్న ఒకటి రెండు కూడా ఎలా ఉండేవి? 1998లో మా పదో తరగతి గ్రూపు ఫోటో గుర్తుంది. మిట్టమధ్యాహ్నం, కొత్తగా సున్నం వేసిన గోడ ముందు, అందరం తెల్ల చొక్కాల్లో నిలబడ్డాం. కాపీలు వచ్చాక చూస్తే చొక్కాలు మెరిసిపోతున్నాయి, గోడ మెరిసిపోతోంది, చొక్కాల పైన నలభై నల్లటి మచ్చలు. బళ్ళో ఎవరో పళ్ళు లెక్కపెట్టి మనుషుల్ని గుర్తుపట్టమన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. మనం నల్లగా ఉంటాం కాబట్టి ఫోటో అలాగే వస్తుందనుకున్నాం. అలా ఎందుకు వస్తుందో ఇరవై ఏళ్ళు దాటాక ఈ కెమెరా నాకు చెప్పింది.

కెమెరా దొరికిన సంగతి క్లుప్తంగా చెబుతాను. అమలాపురంలో ఒక పెద్దాయన స్టూడియో మూసేస్తూ సామాను సర్దుకుంటున్నాడు. బీరువా అడుగున పెంటాక్స్ కె 1000 కనిపించింది. "ఆయ్, పని చేస్తదండి మాస్టారూ. రీళ్ళు ఎవరు కొంటారనే గానీ" అన్నాడు. మూడు వేలకి ఇచ్చాడు. 1976లో మొదలుపెట్టి 1997 దాకా తయారుచేసిన మోడల్ అది. మొదటిసారి పట్టుకునేవాడికి ఇంతకన్నా మంచిది చెప్పలేను. ఎందుకంటే అందులో దానంతట అది చేసే పని ఒక్కటీ లేదు. సెల్లు అయిపోయినా షట్టరు కొడుతుంది. సెల్లు వెలుతురు కొలిచే ముల్లు కోసమే. గడియార స్తంభం సెంటర్లో చేతి గడియారాలు బాగుచేసే కొట్లో దొరికే ఎల్ఆర్ 44 బొత్తాం సెల్లు ఒకటి వేస్తే చాలు. మీటరుకి స్విచ్చి లేదు, లెన్సుకి మూత పెట్టి ఉంచితేనే సెల్లు మిగులుతుంది.

పాతది ఏది కొన్నా ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. లెన్సుని వెలుతురు వైపు పట్టుకుని లోపలికి చూడండి. సాలెగూడులాంటి తెల్లటి పోగులు కనిపిస్తే బూజు పట్టిందని అర్థం. మన కోనసీమ గాలిలో తడి ఎక్కువ కాబట్టి ఇక్కడి కెమెరాలకి పట్టే మొదటి జబ్బు అదే. వెనక తలుపు తెరిచి షట్టరు గుడ్డకి చిల్లులు ఉన్నాయేమో చూడండి. ఒక సెకను మీద పెట్టి నొక్కితే నిజంగా సెకను సేపు తెరుచుకోవాలి, చెవితో వింటే తెలుస్తుంది. తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది తారులా జిగటపడిపోతుంది. అక్కణ్ణించి వెలుతురు దూరి రీలు పాడవుతుంది. దాన్ని గీకేసి ఆ గాడిలో నల్ల ఊలు దారం అంటించాను, అంతే ఖర్చు. ఇంట్లో కెమెరాని తోలు కవరులో ఉంచకండి, తోలు తడి పీలుస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే పెనం మీద వేడిచేస్తే మళ్ళీ నీలం అవుతాయి.

రీలు ఎక్కించటం అయిదు నిమిషాల పని. ఎడమవైపు మర పైకి లాగితే తలుపు తెరుచుకుంటుంది. రీలు పెట్టి, కొస కుడివైపు ఇరుసు చీలికలో దూర్చి, రెండు అంచుల చిల్లులూ పళ్ళ మీద కూర్చున్నాక తలుపు వెయ్యాలి. తర్వాత మీట తిప్పినప్పుడల్లా ఎడమవైపు మర కూడా తిరుగుతుంటే రీలు నడుస్తున్నట్టు. తిరగకపోతే ముప్పై ఆరు బొమ్మలూ గాలికే. డబ్బా మీద రాసిన నంబరు, 200 గానీ 400 గానీ, షట్టరు చక్రం అంచు పైకెత్తి తిప్పి పెట్టుకోవాలి. అయిపోయాక అడుగున బొత్తాం నొక్కి వెనక్కి చుట్టేదాకా తలుపు తెరవకూడదు. రీలు ఇప్పుడు వెయ్యి రూపాయలకి అటూ ఇటూ. ఒకప్పుడు మన దేశంలోనే, ఊటీ దగ్గర, 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో రీళ్ళు తయారుచేసేది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడొచ్చేవన్నీ దిగుమతే, అందుకే ఆ ధర.

ఇక అసలు సంగతి వెలుతురు. నిండు ఎండలో ఎఫ్ 16 పెట్టి, రీలు నంబరుకి దగ్గరగా ఉన్న షట్టరు వేగం పెడితే చాలు, మీటరు కూడా అక్కర్లేదు. 200 రీలైతే సెకనులో 250వ వంతు. ఇది ప్రపంచమంతా వాడే లెక్క. కానీ నిండు ఎండలో మనిషిని తియ్యకండి. పది దాటాక ఎండ నెత్తిమీద ఉంటుంది, కళ్ళు గోతుల్లా వస్తాయి. కొబ్బరితోటలో నీడ ఉంది కదా అనుకుంటాం. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మొహం మీద పడుతుంది, చిరుతపులి మచ్చల్లా. అన్నిటికన్నా మంచి వెలుతురు అరుగు మీద ఉంటుంది. పైన చూరు, ఎదురుగా తెరిపి వాకిలి. ఆకాశం వెలుతురు మెత్తగా మొహం మీద పడుతుంది. అక్కడ 200 రీలుకి అదే షట్టరు మీద ఎఫ్ 4 పెట్టి చూడండి.

ఇప్పుడు మా గ్రూపు ఫోటో సంగతి. మీటరుకి మనిషి తెలియదు, గోడ తెలియదు. తన ముందున్న వెలుతురంతా కలిపితే నడిమి బూడిద రంగు వస్తుందని దాని నమ్మకం. ముందు సున్నం గోడా నలభై తెల్ల చొక్కాలూ ఉంటే అబ్బో ఇంత వెలుతురా అనుకుని తగ్గించమంటుంది. తగ్గిస్తే గోడ బాగా వస్తుంది, మొహాలు పోతాయి. దీనికి మందు చాలా తేలిక. మీ అరచెయ్యిని ఆ మనిషి మొహం మీద పడే వెలుతురులోనే పట్టుకుని, కెమెరాలో అది నిండుగా కనిపించేలా పెట్టి, ముల్లుని మధ్యకి తెచ్చుకోండి. తర్వాత ఒక మెట్టు ఎక్కువ వెలుతురు ఇవ్వండి. షట్టరు 250 అయితే 125కి దించటమన్నమాట. ఇంక గోడ ఏమన్నా వినకుండా తియ్యండి. అరచెయ్యే ఎందుకంటే, మొహాల్లో ఉన్నంత తేడా అరచేతుల్లో ఉండదు. మన అరచెయ్యీ దొర అరచెయ్యీ ఇంచుమించు ఒకటే. రీలుకి వెలుతురు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతే మాత్రం ఏ లాబూ తిరిగి తేలేదు.

తప్పు ఒక్క మీటరుదే కాదు. 1950ల నుంచి కొడాక్ కంపెనీ రంగు ఫోటోలు కడిగే లాబులకి నమూనా కార్డులు పంపేది. కార్డు మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ. మొదటి బొమ్మ ఆ కంపెనీలో పనిచేసిన షర్లీ అనే ఆమెది కాబట్టి అందరూ షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. నల్ల మొహాల సంగతి ఎవరూ అడగలేదు. రీలు తయారీలో మార్పు ఎలా వచ్చిందో ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళే తర్వాత పరిశోధకులకి చెప్పారు. చాక్లెట్లు అమ్మేవాళ్ళూ, చెక్క సామాను అమ్మేవాళ్ళూ తమ సరుకులో గోధుమ రంగు ఛాయలు ఫోటోల్లో తేడా తెలియటం లేదని గొడవ చేశారట. మనిషి అడిగితే కదలనిది చాక్లెట్ అడిగితే కదిలింది. చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత చాలాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

అదే అమెరికాలో గోర్డన్ పార్క్స్ అనే ఆయన ఉండేవాడు. 1912లో కాన్సాస్ రాష్ట్రంలో బీద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. రైళ్ళలో సర్వరుగా పనిచేస్తూ, పత్రికలో వలస కూలీల ఫోటోలు చూసి, 1937లో తాకట్టు కొట్లో ఏడున్నర డాలర్లకి పాత కెమెరా కొన్నాడు. 1942లో వాషింగ్టన్‌లో ప్రభుత్వ కార్యాలయం ఊడ్చే ఎల్లా వాట్సన్ అనే ఆవిణ్ణి జాతీయ జెండా ముందు నిలబెట్టి తీశాడు. చేతిలో చీపురు, పక్కన తుడిచే కర్ర. ఆ మొహంలో ప్రతి గీతా కనిపిస్తుంది. నల్ల మొహం ఫోటోలో రాదనేవాళ్ళకి ఆ బొమ్మ చూపించండి.

మా అమ్మని తెలుపు నలుపు రీలు మీద అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. "పౌడరు రాసుకుంటానుండరా" అంది. వద్దన్నాను. "మరి నల్లగా పడతానేమోరా" అంది. అరచెయ్యి లెక్క చూసుకుని రెండు బొమ్మలు తీశాను. ఆ రీలు ఇంట్లోనే కడిగాను. మందునీళ్ళు 20 డిగ్రీల వేడిలో ఉండాలి, మన కుళాయి నీళ్ళేమో 30. చేపల మార్కెట్లో ఐసు ముక్క తెచ్చి టబ్బులో వేశాను. ఇంట్లోవాళ్ళు పులస తెచ్చాననుకున్నారు. నెగెటివ్ ప్రింటు వేయించి ఇస్తే అమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "పచ్చబొట్టు కనపడతందిరా" అంది. గడ్డం మీద మూడు చుక్కలు. పెళ్ళికి ముందు పొడిపించుకున్నవి. నల్లటి చర్మం మీద నల్లబడిపోయిన ఆ చుక్కలు ఇంతకుముందు ఏ ఫోటోలోనూ రాలేదు. పౌడరు రాస్తే రావు. సెల్ ఫోనులోనూ రావు, అది మనల్ని అడక్కుండానే మొహాన్ని తెల్లగా నున్నగా చేసి చూపిస్తుంది. తర్వాతి ఆదివారం పేటలో ఏడుగురు ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని మా అరుగు మీదకి వచ్చారు.

ప్రస్తుతం కెమెరాలో ఉన్న రీలులో పదకొండు బొమ్మలు మిగిలాయి. నేర్చుకోవాలని ఉన్న తమ్ముళ్ళు ఏ ఆదివారమైనా మా ఇంటికి రావచ్చు, చేతికిస్తాను. వార్షికోత్సవం రోజున గ్రూపు ఫోటో నేనే తీస్తానని వార్డెన్ గారికి చెప్పాను. సాయంత్రం నాలుగున్నరకి, సున్నం గోడ ముందు కాదు, భోజనాల వరండా నీడలో నిలబడాలి. పొట్టివాళ్ళు ముందు మెట్ల మీద కూర్చోవాలి. తెల్ల చొక్కాలు వేసుకురండి, ఫరవాలేదు.