మెల్లమెల్లగా వచ్చిన పాట

పిల్లలూ, మీకు అర్థంకాని భాషలో పాట ఎప్పుడైనా పాడారా? పాడే ఉంటారు. నేను చెప్పబోయేది అటువంటి ఒక పాట సంగతి. దానితోపాటు నేను చేసిన ఒక తప్పు సంగతి కూడాను.

2017 వానకాలంలో ఒకనాడు నేనూ, పదకొండేళ్ళ మా మేనల్లుడూ కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డికి బయలుదేరాం. అక్కడ మా అమ్మ ఉండేది. దారిపొడవునా వాడు ఒకే పాట కూనిరాగం తీస్తున్నాడు. అందులో "దెస్పాసీతో" అన్న ఒక్క మాటే నా చెవికి చిక్కింది.

"ఇదేం భాషరా?" అని అడిగాను.

"స్పానిష్, మామా! లోకమంతా ఇదే పాడుతున్నది," అన్నాడు వాడు.

వాడు చెప్పింది నిజమే. ఆ పాట పాడినవాడు లూయిస్ ఫోన్సీ. అతనితో గొంతు కలిపినవాడు డాడీ యాంకీ. ఇద్దరిదీ పోర్టోరికో అనే దీవి. అది కరీబియన్ సముద్రంలో ఉన్నది. పాలన అమెరికాదే అయినా, అక్కడి జనం ఇళ్ళలో మాట్లాడేది స్పానిష్. పాట 2017 జనవరిలో వెలువడింది. ఏప్రిల్‌లో కెనడా గాయకుడు జస్టిన్ బీబర్ కూడా దానికి గొంతు కలిపాడు. అమెరికాలో వారంవారం వేసే పాటల పట్టికలో అది 16 వారాలు మొదటి స్థానాన కూర్చున్నది. 1996లో "మకరేనా" తరువాత స్పానిష్ పాట ఒకటి ఆ స్థానానికి ఎక్కడం అదే మొదలు. ఆగస్టు నాటికి యూట్యూబులో అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసిన పాటగా నిలిచింది.

ఇంత వేగంగా భూమి చుట్టివచ్చిన ఆ పాట పేరుకు అర్థమేమిటో తెలుసా? "మెల్లమెల్లగా" అని!

అది పెద్దవాళ్ళ ప్రేమపాట. దాని మాటలతో మనకు పనిలేదు. కాని మాటలు తెలియకుండానే అంతమంది ఎందుకు పాడారు? రహస్యం దరువులో ఉన్నది. మీరే చేసి చూడండి. ఒకటి నుంచి ఎనిమిది వరకు సమంగా లెక్కపెడుతూ ఉండండి. ఒకటి, అయిదు అన్నప్పుడు కాలు తట్టండి. నాలుగు, ఏడు అన్నప్పుడు చప్పట్లు కొట్టండి. ఆపకుండా మళ్ళీ మళ్ళీ చెయ్యండి. నోటితో "తకిట తకిట తక" అంటే సరిగ్గా ఈ లెక్కే వస్తుంది: మూడు, మూడు, రెండు. కాలు పడిన చోట చెయ్యి పడదు. అందువల్లే ఒళ్ళు దానంతట అది ఊగుతుంది. ఈ దరువు జమైకాలో మొదలై, పనామా మీదుగా పోర్టోరికో చేరింది. దీనితో పాడే పాటలను రెగ్గెటోన్ అంటారు.

మేము ఎల్లారెడ్డి చేరేసరికి పొద్దు వాలుతున్నది. ఊరి పొలాల్లో నాట్లు పడుతున్నాయి. అమ్మ మనవడి పాట విని, "గదేం పాట బిడ్డా? దాని అర్థమేంది?" అని అడిగింది.

"నాకూ తెల్వదు, అమ్మమ్మా."

"తెల్వకుంటే ఏమాయె? మంచిగున్నది. మళ్ళ పాడు," అంటూ అమ్మ తొడమీద దరువు వేసింది. ఎవరూ నేర్పకుండానే తకిట తకిట తక! తరువాత ఆమె కూడా ఒక పాట అందుకున్నది. వయసులో ఉన్నప్పుడు మడిలో వంగి నారు నాటుతూ పాడిన పాట అది.

మావాడు కిసుక్కున నవ్వి, "ఇది నాటు పాట!" అన్నాడు.

"అవును బిడ్డా, నాటు పాటనే. నాట్లేసేటప్పుడు పాడేది," అన్నది అమ్మ. వాడి ఎగతాళి ఆమెకు అర్థం కాలేదో, అర్థమైనా కానట్టు ఉన్నదో నాకు తెలియదు. కాని పాట మాత్రం అక్కడే ఆగిపోయింది.

నేను వాణ్ణి మందలించలేదు. ఏ మొహం పెట్టుకుని మందలించను? నేను కామారెడ్డిలో హాస్టలులో ఉండి చదువుకునే రోజుల్లో అమ్మ నాకోసం సకినాలు కట్టుకుని వచ్చేది. ఒకసారి చెట్టుకింద కూచుని కూనిరాగం తీస్తుంటే, నా తోటివాళ్ళు నవ్వారు. "ఇక్కడ పాడకమ్మా, సిగ్గుగా ఉన్నది," అన్నాను. ఆమె మారుమాట్లాడలేదు. మళ్ళీ నా ఎదుట పాడింది, ఆ సాయంత్రమే.

2020లో అమ్మ పోయింది.

2023 మార్చిలో మావాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మామా! 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది!" అన్నాడు. మన భారతీయ చిత్రంలోని పాటకు ఆ బహుమానం రావడం అదే మొదటిసారి. రాసిన చంద్రబోస్ మన తెలంగాణలో చల్లగరిగె అనే పల్లెటూరివాడు. స్వరం కట్టింది కీరవాణి. పాడినవాళ్ళు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. తెలుగు ముక్క రాని దేశాలవాళ్ళు కూడా మన మాటలకు గంతులు వేశారు, మావాడు స్పానిష్ పాటకు ఊగినట్టే.

మావాడు కాసేపు ఊరుకున్నాడు. తరువాత మెల్లగా, "అమ్మమ్మ పాడిన నాటు పాట ఎట్లా ఉంటుంది, మామా?" అని అడిగాడు.

నాకు రెండు చరణాలే జ్ఞాపకం వచ్చాయి. వాటినే వాడు పుస్తకంలో రాసుకున్నాడు. మిగతా చరణాల కోసం మేమిద్దరం ఎల్లారెడ్డి వెళ్ళి, అమ్మతో కలిసి నాట్లు వేసిన ముసలమ్మలను అడిగాం. ఒకామె ఒక చరణం చెప్పింది. తక్కినవి ఇంకా దొరకలేదు.

పిల్లలూ, మీరు ఏ దేశం పాటైనా హాయిగా పాడండి. ఏ భాషా తక్కువది కాదు. కాని ఈవేళ ఇంటికి పోగానే మీ అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో కూచుని ఒక పాట అడగండి. పక్కన పలకో పుస్తకమో పెట్టుకోవడం మరిచిపోకండి సుమా!