లెక్కలో లేని బల్ల

మా లేబరేటరీలో సీసియం-137 బిళ్ళ ఒకటీ, సోడియం అయొడైడ్ స్ఫటికం ఒకటీ ఉన్నాయి. గామా కిరణం తగిలితే స్ఫటికం మినుక్కుమంటుంది. ఆ వెలుగెంతో చూసి కిరణం శక్తి కడతాం. 1958లో హాల్ ఏంగర్ ప్రకటించిన గామా కెమెరా, అదే, ఆస్పత్రుల్లో వాడేది, దానికీ ఇదే కిటుకు.

ఈ తతంగమంతా కంప్యూటర్లో నడిపించడం నా ప్రాజెక్టు. మాంటీకార్లో పద్ధతి అంటే మరేం లేదు, ఒక్కో ఫోటాన్‌కీ పాచికలు వేసి, అది ఎటు తిరుగుతుందో ఎక్కడ ఆగుతుందో రాసుకోవడమే. పదిలక్షల ఫోటాన్లు వదిలాను. 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం లేచింది. నా సంబరం చెప్పనక్కర్లేదు. తీరా ప్రయోగం గ్రాఫు పక్కన పెడితే, అందులో 184 దగ్గర చిన్న మూపురం! నా దాంట్లో లేదు.

రెండు రాత్రులు ప్రోగ్రాములో తప్పు వెతికాను. మా మాష్టారొచ్చి చూసి, "బల్ల ఏదోయ్?" అన్నారు.

నిజమే. నేను స్ఫటికాన్ని శూన్యంలో వేలాడదీశాను. బల్లనీ, సీసపు కవచాన్నీ లెక్కలో చేర్చాక, వాటికి తగిలి వెనక్కి మళ్ళిన ఫోటాన్లతో మూపురం దానంతటదే వచ్చింది.

రోగి విషయంలో ఒళ్ళే బల్ల. టెక్నీషియం కిరణం 140తో బయల్దేరి, ఒంట్లో 45 డిగ్రీలు పక్కకి తిరిగినా ఇంకా 130 మిగుల్తుంది. 126 నుంచి 154 దాకా రానిచ్చే కెమెరా దాన్నీ తిన్నగా వచ్చినదే అనుకుంటుంది. బొమ్మ మసకబారుతుంది, డాక్టరు చూసేది ఆ బొమ్మనే. ఏ ఫోటాన్ దారి తప్పిందో కెమెరాకి తెలీదు, పాచికలు వేసిన నాకు తెలుసు.

ఇప్పుడు ఒంటికి బదులు నీళ్ళ తొట్టి పెట్టి లెక్క నడుపుతున్నాను. బల్ల మాత్రం ముందే వేసేశాను.