కుందేలు – గడ్డి – మా అమ్మ

(ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం, ద్వితీయ సంవత్సరం)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని అడగడానికి వచ్చిన చెల్లెళ్లు "అక్కా, కవిత మాత్రం వద్దు, ఇప్పటికే ఇరవై రెండు వచ్చాయి" అని ముందే చెప్పేశారు. అందులో తొమ్మిది అమ్మ మీదేనట. నేను రాసేదాంట్లో కూడా అమ్మ ఉంది. కానీ ముందు కుందేలు సంగతి చెప్పాలి.

ఇప్పుడు హాస్టల్లో ఉన్నవాళ్లందరికీ చిన్నీ తెలుసు. పాత విద్యార్థినులకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. వెనక వీధిలో అద్దెకుండే ఒక కుటుంబం బదిలీ మీద వెళ్తూ రెండు తెల్ల కుందేళ్లను పంజరంతో సహా మన ఇంటర్ పిల్లల చేతిలో పెట్టి వెళ్లారు. రెండూ ఆడవే. పిల్లలు చిన్నీ, మున్నీ అని పేర్లు పెట్టుకున్నారు. అప్పుడు నేను డిగ్రీ ముగించి, పీజీ సీటు కోసం ఊళ్లో ఎదురుచూస్తున్నాను. సీటొచ్చి మళ్లీ ఇక్కడ చేరేసరికి మూడు నెలలు దాటింది. అప్పటికే మున్నీ చనిపోయి వారమైంది.

ఆ మూడు నెలలూ వాటికి తిండికేమీ లోటు జరగలేదు. మధ్యాహ్నం మిగిలిన అన్నం, టీతోపాటు ఇచ్చే బిస్కెట్లలో సగం, వంటమ్మ పక్కన పెట్టే క్యారెట్లు, క్యాబేజీ ఆకులు. పైగా తలా ఐదు రూపాయలు వేసుకుని రంగురంగుల గింజల ప్యాకెట్ కొనేవారు. అమ్మిన దుకాణం ఆయన "ఇందులోనే అన్నీ ఉన్నాయి, గడ్డీ గాదం అక్కర్లేదు" అన్నాడట. తమ పళ్లెంలోది తీసి పెట్టిన పిల్లలను నేను ఏమనగలను? ఒక సాయంత్రం మున్నీ తినడం మానేసి మూల ముడుచుకుని కూర్చుంది. పెంటికలు వేయడం ఆగిపోయింది. పొద్దున చూద్దామనుకున్నారు. పొద్దునకు లేదు.

నేను వచ్చాక చిన్నీని చూస్తే గడ్డం కింద బొచ్చంతా చొంగతో తడిసి ఉంది. బిస్కెట్ నోట పట్టుకుంటుంది, వదిలేస్తుంది. పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టర్ గారు చిన్న లైటు వేసి నోరు చూశారు. దవడ పళ్ల అంచులు ముళ్లలా పెరిగి నాలుకను కోస్తున్నాయని చెప్పి, మత్తిచ్చి వాటిని సరిచేశారు. చివర్లో "దీనికి గడ్డి ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మిత్రులారా, ఇక్కడ కాస్త పాఠం చెబుతాను, ఓపిక పట్టండి. కుందేలుకు 28 పళ్లు. మన పళ్లలా ఒక వయసుకి వచ్చి ఆగిపోవు, బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అరగదీసే పని జరగకపోతే అవే శత్రువులవుతాయి. పొడుగాటి గడ్డి పోచను కుందేలు దవడను పక్కకు తిప్పుతూ గంటల తరబడి నూరుతుంది. ఆ నూరుడులోనే పళ్లు సమంగా అరుగుతాయి. గింజనో బిస్కెట్‌నో నాలుగు నములుళ్లలో మింగేస్తే ఆ పని జరగదు.

రెండోది పొట్ట సంగతి. కుందేలు పొట్టలో అన్నిటికంటే పెద్ద భాగం అంధనాళం. అక్కడ సూక్ష్మజీవులు ఆహారాన్ని పులియబెడతాయి. గడ్డిలోని ముతక పీచు పేగుల్ని కదిలిస్తూ గుండ్రటి పెంటికలుగా బయటికి పోతుంది. మెత్తటి భాగం అంధనాళంలో పులిసి, ద్రాక్షగుత్తిలా మెత్తటి ముద్దగా బయటికి వస్తుంది. దాన్ని కుందేలు నేరుగా నోటితో అందుకుని మళ్లీ తింటుంది. (మన పిల్లలు చూసి "ఛీ" అన్నారు. అందులో దానికి కావలసిన మాంసకృత్తులు, బి విటమిన్లు ఉంటాయి.) పీచు తగ్గి పిండిపదార్థం ఎక్కువైతే సూక్ష్మజీవుల తూకం తప్పుతుంది, పేగు కదలిక మందగిస్తుంది, గ్యాసు చేరుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. అందుకే అది పూటంతా తినకుండా, పెంటికలు వేయకుండా కూర్చుందంటే పొద్దుటిదాకా ఆగకూడదు. క్యారెట్ కుందేలు తిండి అని బొమ్మల సినిమాలు నేర్పాయి. అందులో తీపి ఎక్కువ. ఎప్పుడైనా వేలెడు ముక్క చాలు.

డాక్టర్ గారు చెప్పాక ఆ దుకాణానికే వెళ్లి గడ్డి అడిగాం. ఆయన దగ్గర టిమోతీ గడ్డి ప్యాకెట్ ఉంది, విదేశాల నుంచి వచ్చిందట. చలి దేశాల గడ్డి అది. 18వ శతాబ్దంలో అమెరికాలో తిమోతి హాన్సన్ అనే రైతు దాన్ని ప్రచారంలోకి తెచ్చాడని, ఆయన పేరే దానికి స్థిరపడిందని చెబుతారు. ధర చూసి నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి. ఆ గుప్పెడు గడ్డి డబ్బుకి మా అమ్మ ఎన్ని మోపులు మోయాలో లెక్కవేశాను.

మా అమ్మ గడ్డి కోస్తుంది. అదే ఆమె పని. తెల్లారి పొలాల గట్ల మీద కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని పాలు పోసే రైతుల బర్రెల కొట్టాలకు చేరుస్తుంది. మోపుకింత అని ఇస్తారు. నా పరీక్ష ఫీజులు అలా వచ్చినవే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. బడిలో లెక్క తప్పితే ఒక సారు "గడ్డి తింటున్నావా?" అనేవారు. అందరినీ అనేవారు, కానీ నావైపు చూసి అన్నప్పుడు క్లాసంతా నవ్వేది.

ఆ రాత్రి ఫోన్ చేసి, కుందేలుకు ఎండుగడ్డి కావాలన్నాను. "వరిగడ్డి వెయ్యకు బిడ్డా. వడ్లు వండినంక ఆ గడ్డిల ఏముంటది? సారమంత గింజకు వాయె" అంది. నేను పుస్తకంలో రెండు పేజీలు చదివి తెలుసుకున్నదీ అదే. గింజ పండాక మిగిలిన కాడలో మాంసకృత్తులు చాలా తక్కువ. పంజరంలో పరుపుగా వేయడానికి బాగుంటుంది, అంతే. కడుపుకి పెట్టేది పూతకు ముందో, పూత మొదలవగానో పచ్చగా కోసి ఎండబెట్టిన గడ్డి అయి ఉండాలి.

తర్వాతి ఆదివారం అమ్మ గరక మోపుతో బస్సు దిగింది. ఆరేళ్లుగా నేను ఈ హాస్టల్లో ఉన్నా, ఆమె ఎప్పుడూ గేటు దగ్గరే నిలబడి డబ్బులిచ్చి వెళ్లిపోయేది. వార్డెన్ మేడం లోపలికి పిలిచి, పిల్లలకు చూపించమన్నారు. "నేనేం జెప్త మేడం, సదువుకున్న పోరగాండ్లకు" అని కొంగు సర్దుకుంది. మోపు విప్పాక మాత్రం ఆగలేదు.

మంచు ఆరాక కోయాలంది. పలుచగా పరిచి, పూటకోసారి తిరగేయాలి. ఎండ బాగుంటే రెండు మూడు రోజులు చాలు. చివర నీడకు మార్చితే పచ్చ రంగు పోదు. కాడ వంచితే టక్కున విరగాలి, వేలాడితే ఇంకా తడి ఉన్నట్టే. తడి మీద కుప్ప వేస్తే బూజు పడుతుంది, బూజుగడ్డి వాసన చూసి పారేయాల్సిందే. (నిల్వ గడ్డిలో తేమ 15 శాతం దాటకూడదని మా పాఠం. అమ్మకు ఆ లెక్క వేళ్లలో ఉంది.) మోపులో నుంచి రెండు వయ్యారిభామ మొక్కల్ని మాకెవరికీ కనపడకముందే ఏరి పక్కన పడేసింది. గడ్డిమందు కొట్టిన గట్టు, కుక్కలు తిరిగే రోడ్డుపక్క వద్దంది. లేత జొన్న అసలే వద్దు, నాము కొడుతుందట. అది నిజమే, లేత జొన్నలో సైనైడ్ విషం పుడుతుంది. గరక, గినీ గడ్డి నిశ్చింతగా పెట్టవచ్చు. లూసర్న్ పిల్ల కుందేళ్లకు మంచిదే కానీ, అందులో కాల్షియం ఎక్కువ. ఎదిగినవాటికి రోజూ పెడితే మూత్రంలో సున్నంలా పేరుకుంటుంది.

మొదటి నాలుగు రోజులు చిన్నీ గరక ముట్టలేదు. బిస్కెట్ కోసం చూసింది. అలవాటైన తిండిని ఒక్కరోజులో ఆపేయకూడదు కాబట్టి గింజలు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, గడ్డిలో కొత్తిమీర కాడలు కలిపాం. రెండు వారాలకు దారిలో పడింది. ఇప్పుడు రోజుకి తన ఒళ్లంత మోపు లాగించేస్తుంది. గట్టి పిల్లెట్లు బరువు కిలోకు పాతిక గ్రాములు మించనివ్వం. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి, ఎండుగడ్డికి దాహం ఎక్కువ. పెంటికలు పెద్దవిగా, పొడిగా వస్తున్నాయి. రోజూ పొద్దున వాటిని లెక్కపెట్టే ఇంటర్ చెల్లి ఒకరు పశువైద్యం చదువుతానంటోంది.

ఒక మాట. ఇది చూసి సెలవుల్లో పొలాల్లో దొరికే చెవులపిల్లిని పట్టుకురాకండి. అది వేరే జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం నేరం, పైగా పంజరంలో బతకదు.

ఇక దసరా సెలవులు. వాచ్‌మెన్ తాత ఒక్కడే ఉంటాడు. వెళ్లేముందు రోజు స్టోర్‌రూంలో బల్లమీద (నేలమీద వద్దు, చెమ్మ) రోజుకో కట్ట చొప్పున వేరువేరుగా కట్టి పెట్టండి, తాతకు లెక్క సులువు. నేను పరీక్షల కోసం ఇక్కడే ఉంటే సరే, లేకపోతే గడ్డి అయిపోయే రెండు రోజుల ముందు నాకు ఫోన్ చేయమనండి. అమ్మ పొద్దుటి బస్సులో వేసి పంపుతుంది. కండక్టర్ మోపుకు లగేజీ టికెట్ అడుగుతాడు. స్టోర్‌రూం తలుపు వెనక డబ్బాలో చిల్లర పెట్టాను.