రెండు డొక్కు కంప్యూటర్లు, ఒక తీగ

"మీవాడు ఏం పని చేస్తాడు" అని ఊళ్ళో ఎవరైనా అడిగితే మా అమ్మ "కంప్యూటర్లు పాడైపోకుండా చూస్తాడు" అని చెప్తుంది. కొట్టిపారెయ్యడానికి లేదు. నా ఉద్యోగం డిజాస్టర్ రికవరీ. ఒక ఊళ్ళో డేటా సెంటర్ మునిగిపోయినా, తగలబడినా, ఇంకో ఊళ్ళో ఉన్న కాపీ లేచి పని అందుకోవాలి. అందుకని ఏడాదికి రెండుసార్లు డ్రిల్ చేస్తాం. అర్ధరాత్రి ముప్ఫైమందిమి కాల్‌లో కూర్చుని, శుభ్రంగా నడుస్తున్న సిస్టాన్ని కావాలని ఆపేసి, మళ్ళీ లేపి, ఎన్ని నిమిషాలు పట్టిందో ఎక్సెల్ షీట్లో రాసుకుంటాం.

అలాంటి నేను మా నాన్న కంప్యూటర్లోంచి ఒక్క ఫైలు కూడా కాపీ తీసి పెట్టలేదు. ఉద్యోగంలో చేరిన ఈ ఆరేళ్ళలో ఆయన అడగక కాదు. ప్రతి పండక్కీ అడుగుతూనే ఉన్నారు. "ఏరా, తాతయ్య పుస్తకం ఒకసారి పెన్ డ్రైవులోకి ఎక్కించి పెట్టరాదూ" అని. "చూద్దాం నాన్నా" అనేవాణ్ణి. ఆ చూద్దాం అనే మాటకి మా ఇంట్లో అర్థం ఏంటో అందరికీ తెలుసు :)

నాన్నకి తెనాలిలో 2002 నుంచి 2016 దాకా డీటీపీ సెంటర్ ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు. మధ్యలో నాలుగేళ్ళు వెనక గదిలో నాలుగు సిస్టాలు పెట్టి నెట్ సెంటర్ కూడా నడిపారు. షాపు మూసేశాక అన్నీ పాత సామాను వాడికి పోయాయి గానీ రెండు పెంటియం 4 డబ్బాలు మాత్రం ఇంటికి చేరాయి. మధ్య గదిలో ఒక బల్ల మీద, పాత దుప్పటి కింద ఉంటాయి.

వాటిల్లో ఒకదాంట్లో తాతయ్య పుస్తకం ఉంది. తాతయ్య అచ్చాఫీసులో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే పని. చివరి రెండేళ్ళు, అంటే 2008, 2009ల్లో, సాయంత్రాలు షాపుకొచ్చి కూర్చుని తన కథ చెప్తుంటే నాన్న పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో కొట్టారు. తొమ్మిది అధ్యాయాలు, తొమ్మిది ఫైళ్ళు. పుస్తకం వేద్దాం అనుకుంటుండగానే తాతయ్య పోయారు. అది అలాగే ఉండిపోయింది. ఉన్నది ఒక్కటే కాపీ, నలభై జీబీ డిస్కు మీద.

2025 సంక్రాంతికి ఇంటికెళ్ళేసరికి ఆ డబ్బా ఆన్ చెయ్యగానే టిక్.. టిక్.. అంటోంది. హార్డ్ డిస్క్ చప్పుడు. ఆ చప్పుడు వినగానే నాకు పొట్టలో తిప్పింది. నాన్న మాత్రం "నెలరోజుల్నించీ అలాగే అంటోంది, పని చేస్తూనే ఉంది" అన్నారు.

సరే, పెన్ డ్రైవు పెడదామంటే దాని యూఎస్‌బీలు ఎప్పుడో పిడుగు పడ్డ రోజున పోయాయి. సీడీ రైటర్ తలుపు తెరుచుకోదు. నా కంపెనీ లాప్‌టాప్‌కి లాన్ పోర్టే లేదు, పైగా అందులో యూఎస్‌బీ స్టోరేజీ బ్లాక్. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, కాబట్టి రౌటరూ లేదు. అమ్మానాన్నలకి ఫోన్ డేటాయే ఎక్కువ. మిగిలిన దారి ఒక్కటే. రెండో డబ్బా యూఎస్‌బీలు బాగున్నాయి. రెండిట్లోనూ ఎక్స్‌పీయే. రెండిటినీ లాన్ కేబుల్‌తో కలిపి, ఇందులోంచి అందులోకి, అందులోంచి పెన్ డ్రైవులోకి.

"డిస్కు ఊడదీసి రెండోదాంట్లో స్లేవ్‌గా పెట్టొచ్చుగా" అని మీలో హార్డ్‌వేర్ తెలిసినవాళ్ళు అంటారని తెలుసు. నాన్న ఒప్పుకోలేదు. నాకూ ధైర్యం చాల్లేదు. తిరుగుతున్నదాన్ని తిరగనివ్వడమే మంచిదనిపించింది.

భోగి రోజు మధ్యాహ్నం మొదలుపెట్టా. అరగంట పని అనుకున్నా. మొదటి చిక్కు, మానిటర్ ఒక్కటే. ఒకదానికి పెట్టి చూసి, పీకి రెండోదానికి పెట్టాలి. పాత డబ్బాకి పీఎస్2 కీబోర్డు, ఆన్‌లో ఉండగా దాన్ని పీక్కూడదు, అది అక్కడే ఉండాలి. బల్ల మీద రెండు కీబోర్డులు, ఒక మానిటరు, మధ్యలో అమ్మ పెట్టిన అరిసెల పళ్ళెం.

షాపు సామాన్లలో దొరికిన కేబుల్ రెండిటికీ గుచ్చితే, టాస్క్ బార్‌లో కేబుల్ పెట్టలేదన్న మెసేజీ, ఎర్ర ఇంటూ గుర్తు. లైటు వెలగలేదు. కేబుల్ పోయిందనుకున్నా. బజారుకెళ్ళి కొత్తది తెచ్చా. అదీ అంతే. కార్డు ఊడిందేమో అని రెండో డబ్బా మూత విప్పి గట్టిగా నొక్కి చూశా. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశా. మళ్ళీ బజారుకెళ్ళి ఇంకో కొట్లో ఇంకో కేబుల్ కొన్నా. మూడో కేబుల్‌కీ ఎర్ర ఇంటూ గుర్తే. రెండు కార్డులూ ఒకేసారి పోయి ఉంటాయన్న నిర్ణయానికి వచ్చేశా. ఆఫీసులో ఎవరైనా జూనియర్ ఇలా చెప్తే "రెండూ ఒకేసారి పోవు, ఉమ్మడిగా ఉన్నదేంటో చూడు" అని పాఠం చెప్పేవాణ్ణి.

సాయంత్రం నాన్న వచ్చి చూసి, కేబుల్ రెండు చివరలూ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఇది స్ట్రెయిట్ కదరా. మధ్యలో స్విచ్ లేకపోతే క్రాస్ కేబుల్ కావాలి" అన్నారు.

కాసేపు నోట మాట రాలేదు. ఎందుకంటే బీటెక్ మూడో సంవత్సరం నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో నేను చేసిన మొదటి ఎక్స్‌పెరిమెంటే అది. రికార్డులో రంగు పెన్సిళ్ళతో బొమ్మ వేసి సంతకం కూడా పెట్టించుకున్నా. కార్డు 1, 2 పిన్నుల మీద పంపుతుంది, 3, 6 మీద వింటుంది. ఒకేరకం కార్డులు రెండిటిని మామూలు తీగతో కలిపితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, ఇంకో తీగ మీద ఇద్దరూ వింటూ కూర్చుంటారు. మధ్యలో స్విచ్ ఉంటే ఆ అడ్డదిడ్డం అది చూసుకుంటుంది. కొత్త కార్డులైతే తమంతట తామే కనిపెట్టి సర్దుకుంటాయి, ఆటో ఎండీఐఎక్స్ అంటారు. నేను ఉద్యోగంలో చూసినవన్నీ అలాంటివే. నిజం చెప్పాలంటే ఉద్యోగంలో నేను తీగనే చూళ్ళేదు. నా నెట్‌వర్కంతా ఒక యామల్ ఫైల్లో ఉంటుంది.

నాన్న అటక మీంచి ఒక బిస్కెట్ల డబ్బా దించారు. అందులో క్రింపింగ్ టూలు, మూడంటే మూడు ఆర్‌జే45 కనెక్టర్లు. నెట్ సెంటర్‌కి కేబుళ్ళన్నీ ఆయనే చేసుకున్నారట. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళో పదేళ్ళో, ఆ టూలుతో కాగితాలు కత్తిరించి తిట్లు తిన్నది మాత్రం గుర్తుంది.

కొత్త కేబుల్ ఒక చివర కోసేశాం. ఆయనకి కంటిలో శుక్లాలు, నారింజకీ గోధుమరంగుకీ తేడా సరిగ్గా తెలియట్లేదు. కాబట్టి ఆయన చెప్పడం, నేను పేర్చడం. "తెలుపు ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు నారింజ, నీలం, తెలుపు నీలం, నారింజ, తెలుపు గోధుమ, గోధుమ." ఎక్కడా తడుముకోలేదు. రెండో చివర మామూలుగా నారింజతో మొదలయ్యే వరసే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. మొదటి కనెక్టర్ నేను చెడగొట్టా, ఒక తీగ చివరిదాకా వెళ్ళలేదు. "తొందరెందుకు, తీగలన్నీ ఒక్క పొడవుకి కత్తిరించి అప్పుడు దూర్చు" అన్నారు. తాతయ్య అక్షరాలు పేర్చేటప్పుడు కూడా ఇలాగే అనేవారేమో తెలీదు. రెండో కనెక్టర్ బిగించి గుచ్చాం. రెండు డబ్బాల వెనకా పచ్చ లైటు. అమ్మని పిలిచి మరీ చూపించా.

మిగతాది నాకు తెలిసిన లోకం. ఐపీకాన్ఫిగ్ కొడితే 169.254తో మొదలయ్యే అడ్రసు. అడ్రసు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ దొరకనప్పుడు విండోస్ తనంతట తాను పెట్టుకునేది అదే. రెండూ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి దానితోనూ పని జరుగుతుంది. కానీ మానిటర్ ఒక్కటే అయినప్పుడు ఆ అంకెలు ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? 192.168.0.1, 192.168.0.2 అని చేత్తో పెట్టేశా. పాతదాన్నించి కొత్తదానికి పింగ్ వెళ్తోంది, కొత్తదాన్నించి పాతదానికి వెళ్ళట్లేదు. అంటే తీగ మంచిదే, పాతదాని ఫైర్‌వాల్ అడ్డం. ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్ 8తో అయిపోయింది, అయినా ఆ ఫైర్‌వాల్ ఎంత నిజాయితీగా కాపలా కాస్తోందో! బయటి ప్రపంచంతో సంబంధం లేని డబ్బాలే కదా అని ఆపేశా. నాన్న తన ఫోల్డర్‌ని ప్రైవేట్ అని టిక్ పెట్టుకున్నారు, అదీ తీయించా. డేట్ చూస్తే 2002 జనవరి 1. బోర్డు మీది బ్యాటరీ పోయి ఎన్నేళ్ళయిందో.

ఎక్స్‌ప్లోరర్లో కాపీ పెడితే ఒక్క ఫైలు మొరాయించినా మొత్తం ఆపేస్తుంది. అందుకని కమాండ్ ప్రాంప్ట్‌లో ఎక్స్‌కాపీ, తప్పొచ్చినా ముందుకెళ్ళమనే స్లాష్ సి పెట్టి. ముందు పుస్తకం ఫోల్డర్, తర్వాత మిగతావి. మొత్తం పదకొండు జీబీ. 100 ఎంబీపీఎస్ మీద మామూలుగా అరగంట, మహా అయితే ముప్పావుగంట. రాత్రి తొమ్మిదికి మొదలైంది ఒంటిగంట దాటింది. మధ్యమధ్యలో టిక్.. టిక్.. అని ఆగిపోతుంది, ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తాం, మళ్ళీ కదుల్తుంది. ఫైళ్ళ పేర్లు పైకి పోతుంటే నాన్న చదువుతున్నారు. "ఇది కొత్తపేట వాళ్ళ పెళ్ళి. ముహూర్తం తప్పు పడితే రాత్రికి రాత్రి వెయ్యి కార్డులు మళ్ళీ వేయించాం." ఒక పేరు దగ్గర "పాపం, ఈయన డబ్బులివ్వకుండానే పోయాడు" అన్నారు.

పుస్తకం ఫోల్డర్‌లో తొమ్మిదింటికి ఎనిమిది వచ్చాయి. ఆరోది సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని ఎర్రర్. అంటే డిస్కు మీద ఆ చోటు చదవలేకపోతోంది. మూడుసార్లు విడిగా ప్రయత్నించా. మూడోసారి డిస్కు చప్పుడు మారింది. ఇక వద్దని ఆపేశా.

"ఆరో దాంట్లో ఏముంది నాన్నా?"

"ప్రెస్సు మూసేసిన సంగతి. ఆఫ్‌సెట్ వచ్చాక సీసం అక్షరాలు తూకానికి అమ్మేశారు కదా. తాతయ్యని పనిలోంచి తీసేసింది ఆ ఏడే. నేను కంప్యూటర్ నేర్చుకుంటానంటే ఏమన్నారో కూడా చెప్పారు అందులో."

ఏమన్నారని అడిగితే, "చెప్తాలే, పడుకో" అన్నారు. 2019లో, నా మొదటి జీతం వచ్చిన నెలలో ఆయన అడిగినప్పుడే ఆ పని చేసుంటే తొమ్మిదీ వచ్చేవి. అప్పటికి టిక్ టిక్ లేదు. ఆ మాట ఆయన అన్లేదు. నేను కూడా పైకి అన్లేదు.

ఇప్పుడు ఆ ఎనిమిది ఫైళ్ళూ రెండో డబ్బాలో, పెన్ డ్రైవులో, క్లౌడ్‌లో ఉన్నాయి. అను ఫాంట్లలోంచి యూనికోడ్‌లోకి మార్చే పని కొంచెం కొంచెం చేస్తున్నా, ఒత్తులు అక్కడక్కడా ఎగిరిపోతున్నాయి, చేత్తో దిద్దుకోవాలి. ఐడీఈ డిస్కుని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఒకటి ఆర్డర్ పెట్టా. ఈసారి వెళ్ళినప్పుడు డీడీరెస్క్యూతో మొత్తం డిస్కుని ఇమేజ్ తీసి చూడాలి. అది ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, పాడైన చోట్లకి తర్వాత తిరిగొస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బాని ఆన్ చెయ్యొద్దని నాన్నకి గట్టిగా చెప్పి, పవర్ కార్డు నా బ్యాగులో వేసుకొచ్చా.

నిన్న రాత్రి ఫోన్ చేసి, "ఒరే, ఆరో అధ్యాయం మొదలు గుర్తొచ్చింది, రాసుకో" అన్నారు. ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి నోట్‌ప్యాడ్ తెరిచా. నాలుగు వాక్యాలు వరసగా చెప్పారు. ఐదోది రెండుసార్లు మార్చారు.