రెండు పర్సెంట్ బేశీ

మా ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో కాస్త పెద్ద కొట్టు ఏదైనా చూడండి. అద్దం తలుపు మీద వీసా, మాస్టర్, రూపే అని వరసగా స్టిక్కర్లు, పండక్కి తోరణం కట్టినట్టు. తోసుకుని లోపలికెళ్తే ఫ్యాను కింద కూచోబెడతారు. చాయ్ తాగుతారా బౌదీ అంటారు. మీరు అడిగినవీ, అడగనివీ కూడా తీసి పరుస్తారు. బిల్లు రాసేదాకా అంతా చుట్టరికమే. పర్సులోంచి కార్డు తీసేరా, ఆ గల్లాపెట్టె దగ్గరాయన మొహం చూడాలి. ఎప్పుడూ ఎరగనట్టు అయిపోతాడు. "కార్డ్? టూ పర్సెంట్ బేశీ లాగ్‌బే." రెండు శాతం ఎక్కువ పడుతుందని.

మరి ఆ ముక్క తలుపు మీద రాయొచ్చు కదండీ! స్టిక్కర్ల పక్కన బోలెడు చోటుంది.

నాకు డబ్బు కన్నా ఆ చెప్పే వేళకే ఒళ్ళు మండుతుంది. మీరే అనుకోండి, ఫ్రిజ్జు కొనడానికి వెళ్ళేరు. పాతిక వేలు అన్నాడు. మధ్యాహ్నమంతా బేరమాడి, లేచి నించుని, రెండు మెట్లు దిగి, మళ్ళీ పిలిపించుకుని, మొత్తానికి 24,500కి దింపేరు. ఇంటాయన వైపు "చూసేరా" అన్నట్టు ఓ చూపు కూడా చూసేరు. అప్పుడంటాడు, రెండు పర్సెంటు అని. అంటే 490 రూపాయలు. మీ బేరం అంతటికీ మిగిలింది పది రూపాయలండీ, రిక్షాకి కూడా రావు.

మనకి అప్పు కొత్తేం కాదు. బీఎన్నార్, అదే బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం వేపు నించీ, విజయనగరం వేపు నించీ వచ్చిపడ్డవాళ్ళం కదా మనం. జీతం వచ్చేదాకా ఉప్పూ పప్పూ ఖాతా మీదే. జీతాల రోజున కొట్టువాడు పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, ఒక్కొక్క పద్దూ చదివి గీత కొట్టేవాడు. బెంగాలీ కొట్లయితే ఆ మర్యాదే వేరు. వాళ్ళ ఉగాది పొయిలా బైశాఖ్ నాడు హాల్‌ఖాతా అని పిలుపు కార్డు పంపుతారు. పాత బాకీ తీర్చండీ, కొత్త పుస్తకం తెరుస్తున్నాం అని. వెళ్తే చేతిలో మిఠాయి పొట్లం, క్యాలెండరు పెడతారు. బాకీ తీర్చినందుకు నోరు తీపి చేసి పంపే ఊరండీ ఇది! ఇప్పుడేమో మొత్తం డబ్బు నించున్న చోటే కట్టేస్తానంటే పైన జుర్మానా. అప్పటి కొట్టువాడూ ఊరికే ఇవ్వలేదులెండి, వడ్డీ అంతా కందిపప్పు ధరలోనే కలిపేసుంటాడు. మనకి కనపడకుండా కలిపేవాడు, అదే నచ్చేది నాకు.

ఇంతకీ ఈ రెండు పర్సెంటు ఎవరిదీ అంటే, మా వెనకింటి బాబాయిగారు చెప్పాలి. రైల్వే అకౌంట్స్‌లో రిటైరయ్యేరు. మనం కార్డు గీకినప్పుడల్లా కొట్టువాడికి మొత్తం డబ్బు వెళ్ళదట. మనకి కార్డిచ్చిన బ్యాంకూ, వాడికి మిషను ఇచ్చిన బ్యాంకూ, మధ్యలో వీసావాళ్ళూ మాస్టర్‌వాళ్ళూ తలో కాస్తా కొరుక్కుంటారు. దాన్ని ఎండీఆర్ అంటారు. ఆ కొరికినదాని మీద మళ్ళీ పద్దెనిమిది శాతం జీఎస్టీ. డెబిట్ కార్డుకైతే రిజర్వు బ్యాంకు కళ్ళెం వేసింది. 2018 జనవరి నించి, ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారానికి 0.40 శాతం, పైవాళ్ళకి 0.90, అంతకి మించకూడదు. రూపే డెబిట్‌కీ, యూపీఐకీ 2020 జనవరి నించి అసలు సున్నా. క్రెడిట్ కార్డుకి మాత్రం అలాంటి కళ్ళెం లేదు, అందుకే కొట్టువాడి మొహం అలా మాడుతుంది.

పోనీ వాడి బాధ వాడిది అనుకుందాం. టీవీ మీదా ఫ్రిజ్జు మీదా మిగిలేది తక్కువ, అందులో రెండు పోతే ఏం తింటాడు? చిన్న కొట్టువాడు అడిగితే నాకు జాలే. కానీ డెబిట్ కార్డిచ్చినా అదే రెండంటారే, అక్కడ పట్టుకుంటాను నేను. డెబిట్ కార్డు వాడినందుకు జనం దగ్గర వసూలు చెయ్యనివ్వొద్దని 2013 సెప్టెంబర్లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. "కార్డ్ తో కార్డ్ హీ హై" అంటాడు గల్లా దగ్గర కుర్రాడు. వాడికి అన్నీ ప్లాస్టిక్కే.

బాబాయిగారి పద్ధతి చూడాలి మీరు. "ఇస్తాను నాయనా, దానికేం. ఆ 490 బిల్లులో రాయి" అంటారు. రాయడు. రాస్తే దానికో లెక్క చెప్పాలి కదా. బిల్లులో 24,500, మిషన్లో 24,990. అప్పుడు బాబాయిగారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఆ స్లిప్పుని ముక్కు దగ్గరగా పెట్టుకుని పైన ఉన్న బ్యాంకు పేరు పైకి చదువుతారు. కింద మర్చంట్ నెంబరు, అదీ చదువుతారు. అంకె అంకె. కొట్టంతా వింటుంది. ఆ తరవాత రెండు కాయితాలూ గుండుసూదితో కలిపి గుచ్చి జేబులో పెట్టుకుంటారు. సగంసార్లు అక్కడే కొట్టువాడు "ఛోడియే అంకుల్" అని మిషన్లో మళ్ళీ 24,500కే కొడతాడు. మిగతావి ఇంటికొచ్చి బిస్కట్ల డబ్బాలోకి. ఆ డబ్బా జంతికలకని పిన్నిగారు దాచుకున్నది, అదో గొడవ. మిషను ఇచ్చిన బ్యాంకుకి ఉత్తరం రాస్తారు, వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చేస్తారు. పిన్నిగారి మీద ఫిర్యాదుకి నెంబరు లేదని ఆయన బాధ.

మీరూ తక్కువవారేం కాదు. ఆ కార్డు ఎందుకు గీకుతారో నాకు తెలీదనుకోకండి. పాయింట్లు! కార్డుని బట్టి మారుతుంది గానీ, వందకో పాయింటూ, పాయింటు పావలా అనుకుంటే, 24,500కి 245 పాయింట్లు, అంటే అరవై ఒక్క రూపాయి చిల్లర. అరవై కోసం నాలుగువందల తొంభై ఇచ్చి, మళ్ళీ ఫ్రీగా వచ్చిందని మా గోడ మీంచి చూపిస్తారు ఆ సూట్‌కేసు. అది కూడా ఎవరి డబ్బనుకున్నారు? కొట్టువాడు రెండు శాతం ధరలో కలిపేసిన చోట, నోట్లు లెక్కపెట్టి ఇచ్చే మన పనమ్మాయి కూడా అదే ధర కడుతోంది. నగదుకి తగ్గించి ఇమ్మంటే "ఫిక్స్‌డ్ ప్రైస్" అంటారు. కార్డుకి మాత్రం ప్రైస్ ఫిక్సవదు.

ఇంగ్లండులో ఉంటోంది మా ఆడపడుచు కూతురు, అక్కడ 2018 జనవరి 13 నించి ఇలా అడగడమే నిషేధమట. ఆస్ట్రేలియాలో 2003లో అక్కడి రిజర్వు బ్యాంకే అడగొచ్చని ఒప్పుకుందట. ఎవరి తిక్క వాళ్ళది. మన రైలు టికెట్టూ అంతే, ఆన్‌లైన్లో స్లీపరుకి 15, ఏసీకి 30, జీఎస్టీ పైన. అదే యూపీఐతో కడితే 10, 20. నిజం చెప్పాలంటే దాని మీద నాకు కోపం రాదు. శ్రీకాకుళం రోడ్డుకి బెర్తు వెతుక్కునే తెర మీదే రాసి ఉంటుంది, ఇష్టమైతే కట్టు, లేకపోతే కౌంటరుకెళ్ళి లైన్లో నించో.

ఇప్పుడింకో సరదా మొదలైంది. 2022 నించి రూపే క్రెడిట్ కార్డుని ఫోనులో యూపీఐకి తగిలించుకోవచ్చు కదా. క్యూఆర్ ఎత్తేలోపే కొట్టువాడు అనుమానంగా తొంగిచూసి "క్రెడిట్ వాలా తో నహీ?" అని అడుగుతున్నాడు. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు కూడా అంత ఆరా తియ్యరు.

అది సరే గానీ, మొన్న మీ వరండాలోకి అట్టపెట్టె దిగింది, కిటికీలోంచి చూసేను. వాషింగ్ మిషనా? ఎంతయిందేటి? బిల్లు మీదది కాదు, స్లిప్పు మీదది చెప్పండి.