తాతయ్య బీపీ పుస్తకం

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు రాగానే మీ ఇళ్ళలో ముందు వెతికేవి టీసీలు, మార్కుల జాబితాలే కదా! మేమూ అంతే. ఢిల్లీకి సామాను సర్దినప్పుడు వాటిని ఒక సంచిలో భద్రంగా పెట్టాం. తాతయ్య మందుల చీటీలు ఏ పెట్టెలో వేశామో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఇక్కడి డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "బీపీ ఎప్పటినుంచి? ఎంత ఉండేది?" మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నాలుగు ఊళ్ళు తిరిగాం, నలుగురు డాక్టర్లకు చూపించాం, చేతిలో ఒక్క కాగితం లేదు. ఆ రోజు 162/94 ఉంది. ఆయన ఇంకో మాత్ర రాయబోయి ఆగారు. "వారం రోజులు ఇంట్లో చూసి, రాసుకుని రండి" అన్నారు.

మోచేతికి పైన పట్టీ కట్టే మిషను కొన్నాం. మొదటిరోజు అంతా తప్పే చేశాం. తాతయ్య అప్పుడే మెట్లెక్కి వచ్చారు, కాఫీ తాగారు, టీవీ వార్తల మీద వాదిస్తున్నారు. పైగా చలికాలమని స్వెట్టరు మీదే పట్టీ కట్టాం. 158 చూపించింది.

తర్వాత మిషనుతో వచ్చిన కాగితం చదివాం. చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ తాగకూడదు. బాత్‌రూముకి వెళ్ళివచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ ఒంటిమీదే కట్టాలి. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి.

పై సంఖ్య గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి, కింది సంఖ్య వదులైనప్పటిది. 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్ స్టెతస్కోపుతో రక్తనాళం చప్పుడు విని ఈ రెండింటినీ కొలిచే పద్ధతి చెప్పాడు. ఇంట్లో వాడే మిషను చప్పుడు వినదు, పట్టీలో కలిగే అదురును పసిగడుతుంది.

మొదటిరోజు వదిలేసి మిగిలిన ఆరు రోజుల సగటు తీస్తే 131/80 వచ్చింది. ఆస్పత్రిలో 140/90, ఇంట్లో 135/85 దాటితే ఎక్కువ అంటారు. డాక్టరును చూడగానే కొందరికి బీపీ పెరుగుతుందట, దాన్ని 'తెల్లకోటు బీపీ' అంటారు. మా పుస్తకం చూసి ఆయన కొత్త మాత్ర రాయలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. "మీరూ చూసుకోండర్రా" అన్నారు తాతయ్య. నవ్వుతూ కూర్చున్నాం. మా ఇద్దరిలో ఒకరికి 146/94! మాకింకా నలభై రాలేదు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. వారమంతా చూసినా తగ్గలేదు. బీపీ చాలామందిలో ఏ బాధా లేకుండానే ఉంటుందని అప్పుడే అర్థమైంది.

డాక్టరుగారు నడవమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకు రోజుకి 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడు కూడా కాదు. ఊరినుంచి వచ్చిన ఆవకాయ జాడీ, అప్పడాల డబ్బా పై అరలోకి వెళ్ళాయి. మూడు నెలలకు 136 దగ్గరికి వచ్చింది. ఇంకా రాస్తూనే ఉన్నాం.

చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, ఎండాకాలం కొంత తగ్గుతుంది. అందుకే తారీఖు పక్కన ఊరి పేరు కూడా రాస్తున్నాం. రాసే పని మా పిల్లలది, మాత్రలు మార్చే పని డాక్టరుది. 180/120 దాటితే, కాసేపాగి మళ్ళీ చూసినా అలాగే ఉంటే, వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఛాతీనొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

మీ ఇంట్లోనూ ఒక పాత నోటుబుక్కు తీయండి. ఊరు మారితే డాక్టరు మారతారు, బడి మారుతుంది, మనుషులు మాత్రం వాళ్ళే. ఈసారి బదిలీ వస్తే ఆ పుస్తకాన్ని మీ టీసీ ఉన్న సంచిలోనే పెట్టండి.